మారనిదాని కోసం వేట

కాగితం, పెన్ను పెట్టుకుని చేసే లెక్కల్లో నాకు మహా ఇష్టమైనది ప్రథమ సమాకలనుల వేట. ఒక వ్యవస్థలో ప్రతి రాశీ క్షణక్షణం మారుతూ ఉంటుంది. అయినా వాటిని ఒక పద్ధతిలో కలిపితే వచ్చే విలువ, మొదట ఎంతుందో చివరిదాకా అంతే ఉంటుంది. అదే ప్రథమ సమాకలని. అరేఖీయ సమీకరణాల్లో అలాంటిది ఒక్కటి దొరికినా పెద్ద పండగే.

ఆ వేటకు ఒక ఉదాహరణ చూద్దాం. భూమి అయస్కాంత క్షేత్రం అప్పుడప్పుడు తలకిందులవుతుంది. చివరిసారి అలా జరిగి సుమారు 7.8 లక్షల ఏళ్లయింది. దీన్ని అర్థం చేసుకోవడానికి జపాన్ శాస్త్రవేత్త సునేజీ రికిటాకే 1958లో ఒక డైనమో నమూనా ఇచ్చాడు. ఫారడే 1831లో చూపిన తిరిగే రాగి పళ్లెమే దానికి మూలం. రికిటాకే రెండు పళ్లేలు తీసుకున్నాడు. ఒకదాని కరెంటు చుట్ట గుండా పోయి రెండోదానికి అయస్కాంత క్షేత్రాన్నిస్తుంది. రెండోదీ మొదటిదానికి అదే చేస్తుంది.

రెండు కరెంట్లు, రెండు వేగాలు, మొత్తం నాలుగు రాశులు. రెండు పళ్లేలనూ తిప్పే టార్క్ ఒకటే. వాటిని అడ్డుకునేదీ ఒకటే, కరెంట్ల లబ్ధం. కనుక వేగాల మధ్య తేడా మారదు. మొదటి సమాకలని దొరికేసింది, నాలుగు రాశులు మూడయ్యాయి.

ఇక అసలు పని. తేడా సున్నా అనీ, విద్యుత్ నిరోధం లేదనీ అనుకుందాం. అప్పుడు ఒక కరెంటు మారే రేటు, రెండో కరెంటును వేగంతో గుణిస్తే వస్తుంది. ప్రతి సమీకరణాన్నీ దాని కరెంటుతోనే గుణించి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే కుడివైపంతా కొట్టుకుపోతుంది. కరెంట్ల వర్గాల భేదం స్థిరం!

శక్తిలాంటి రాశి అంత సులువుగా లొంగదు. కరెంట్ల వర్గాల మొత్తంలో సగానికి వేగం వర్గాన్ని కలిపితే, దాని మార్పు రేటు వేగానికి రెట్టింపుగా మిగులుతుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మిగిలిన ఆ పదం ఇంకేదైనా రాశి మార్పు రేటేమో అని అడగడమే ఈ విద్యలోని నేర్పు. కరెంట్ల మొత్తానికి లాగరిథమ్ తీసుకోండి, దాని మార్పు రేటు అచ్చంగా వేగమే. రెండింతలు చేసి తీసేస్తే ఇంకో సమాకలని చేతికొస్తుంది. మూడు రాశులకు రెండు సమాకలనులు దొరికాయంటే వ్యవస్థ నడిచే దారి ఒకే గీతగా తేలిపోయినట్టే.

ఇప్పుడు నిరోధాన్ని తిరిగి చేర్చుదాం. వర్గాల భేదం ఘాతీయంగా తరిగిపోతుంది. తరిగే రేటును నిరోధమే నిర్ణయిస్తుంది. రెండు కరెంట్లూ సమానంగా ఉండే తలంలో మాత్రం లాగరిథమ్‌తో కూడిన ఒక స్థిరరాశి మళ్లీ నిలబడుతుంది. కరెంటు సున్నాను తాకాలంటే ఆ లాగరిథమ్ అనంతానికి పోవాలి. స్థిరరాశి దాన్ని సాగనివ్వదు. కాబట్టి అక్కడ కరెంటు దిశ మార్చుకోవడం అసాధ్యం. రికిటాకే తన నమూనాలో చూసిన ఎడతెగని దిశ మార్పులకు పళ్లేల వేగాల్లో తేడా ఉండి తీరాలన్నమాట.

ఇవాళ కంప్యూటర్ క్షణంలో గ్రాఫు గీసేస్తుంది. ఎంతసేపు నడిపినా, ఇక ముందు కూడా దిశ మారదని ఆ గ్రాఫు హామీ ఇవ్వలేదు. సమాకలని ఇవ్వగలదు. పైగా లెక్క నడుస్తుండగా స్థిరరాశి విలువ జారిపోతుంటే, ఆ గ్రాఫును నమ్మకూడదని కూడా అదే చెబుతుంది. అందుకే నా దగ్గరికొచ్చే విద్యార్థులకు ఒకటే చెబుతాను: ప్రోగ్రామ్ రాసే ముందు ఒక సాయంత్రం ఆ సమీకరణాలతో కూర్చోండి, వాటిలో మారనిదేమిటో వెతకండి.