చూసేసిన కథను చదవడం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్తూ మన కోర్సు కూడా చేస్తున్న ఒక అభ్యాసకుడు సంపర్క తరగతిలో అడిగాడు: "సీరీస్ మొత్తం చూశాను సార్. చివరికి ఏమవుతుందో తెలిసిపోయింది. ఇక నవల ఎందుకు చదవాలి?" అతను చూసింది 2022 జూన్‌లో హాట్‌స్టార్‌లో వచ్చిన "9 అవర్స్". దానికి ఆధారం మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల "తొమ్మిది గంటలు".

ఇది తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదు. దీనికి జవాబు లేదంటే నేర నవల విలువంతా దాని చివరి పుటలోనే ఉందని ఒప్పుకున్నట్టే.

ముందు ఇంకో ఉదాహరణ చూద్దాం. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన "బ్యోమకేశ్ బక్షి" వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, రజిత్ కపూర్ ముఖం గుర్తుంటుంది. శరదిందు బందోపాధ్యాయ రాసిన "సత్యాన్వేషి" కథలో కలకత్తాలోని ఒక మెస్‌కు అతుల్ అనే నిరుద్యోగి వస్తాడు. కథ చెప్పేది అజిత్. అతని గదిలోనే అతుల్ సర్దుకుంటాడు. ఆ అతులే బ్యోమకేశ్ అని అజిత్‌కు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. "నేను" అంటూ అజిత్ చెబుతున్నాడు కాబట్టి అతనికి తెలియనిది మనకూ తెలియదు. పుట మీద అతుల్ ఒక పేరు మాత్రమే. తెర మీద అలా కుదరదు. వేరే ఏ భాగం చూసినవారైనా గుమ్మంలోకి అడుగుపెట్టగానే అతన్ని గుర్తుపడతారు. దర్శకుడి లోపం కాదిది, ముఖాన్ని దాచడం కెమెరాకు కష్టం. (హంతకుడెవరో ఇక్కడ చెప్పను. చదవండి.)

కథ తెలిసినవాడికి కూడా ఇక్కడ కొత్త పని దొరుకుతుంది. అజిత్ ఏ మాటను పట్టించుకోలేదు, రచయిత ఆ మాటను ఎక్కడ పెట్టాడు అని వెతకడం. విమర్శ అక్కడే మొదలవుతుంది.

"తొమ్మిది గంటలు" ఊహ వేరు. ఖైదీలు జైలు దాటి వచ్చి, బ్యాంకు దోచి, గడువులోగా మళ్లీ జైల్లో ఉండాలి. నేరం జరిగిన వేళ మేం లోపలే ఉన్నామని చెప్పుకోవడానికి జైలు గోడకు మించిన సాక్షి ఎవరు? నాకు ఈ ఊహ ఎంతో ఇష్టం. ఇందులో "ఎవరు" అన్న ప్రశ్నకు పెద్ద బరువు లేదు. ఉత్కంఠంతా గడియారానిది. కాబట్టి సీరీస్ చూసినందువల్ల పోయేది మనం అనుకున్నంత లేదు.

పోయేది మరొకటుంది. తారకరత్న నటించిన పోలీసు అధికారిని చూశాక, నవలలోని అధికారిని మీరు సొంతంగా ఊహించుకోలేరు. నిరుడు ఒక జవాబు పత్రంలో పాత్రచిత్రణ అడిగితే నటుడి నడకను వర్ణించారు! దానికి మార్కులు వేయలేకపోయాను, బాధపడ్డాను కూడా.

ఒకటి చేసి చూడండి. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి ఇలాంటి నవల తెరవండి. మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలంటే పుస్తకం మూయాలి. పాత్రల గడువు కూడా అక్కడే ఆగిపోతుంది. సీరీస్‌లో సన్నివేశం ఎంతసేపు నడవాలో ఎడిటర్ ముందే నిర్ణయించాడు. పుస్తకంలో ఒక వాక్యం దగ్గర ఎంతసేపు ఆగాలో మీ ఇష్టం. మీరు ఎక్కడ ఆగారో, ఎక్కడ గబగబా పుటలు తిప్పారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని వచ్చే తరగతికి తీసుకురండి.