ఫొటో వెనక రాత

మా పెద్దమ్మకు ఒక అలవాటుండేది. ఇంట్లోకి ఏ ఫొటో వచ్చినా వెనక్కి తిప్పి పెన్సిలుతో రాసేది. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఎవరి పక్కన ఎవరు. "ఎడమ నుంచి మూడో ఆవిడ ఆత్రేయపురం పిన్ని. చీర నాది" అని ఒకదాని వెనక ఉంటుంది. ఆల్బం అట్ట ఊడిపోయింది, ట్రంకుపెట్టె తుప్పు పట్టింది, ఇల్లే మారిపోయింది. ఆ రాత మాత్రం ఫొటోతో పాటు వచ్చేసింది. ఫొటో ఎక్కడుంటే రాత అక్కడే ఉంటుంది కాబట్టి.

కంప్యూటర్లో ఉన్న ఫొటోకి వెనక భాగం ఉంటుందా అంటే, ఉంటుంది. అక్కడ ఓపిగ్గా రాసిపెట్టే ప్రోగ్రాములు తక్కువ. అలా రాసే ఒకదాన్ని పరిచయం చేద్దామని కూర్చున్నాను. పేరు డిజికామ్. దాని సంగతికి ముందు నా గోడు కాస్త వినాలి.

రాజమండ్రిలో ఉంటూ మూడేళ్ల సాయంకాలాలు నేను ఇంటి ఫొటోలకు పేర్లు పెట్టాను. అప్పుడు వాడింది ఇంకో ప్రోగ్రాం, పేరు ఎందుకు లెండి. ఒక ఆదివారం పొద్దున అది "కొత్త వెర్షన్ వచ్చింది" అంది. సరే అన్నాను. కాఫీ తాగి వచ్చేసరికి ఫొటోలన్నీ ఉన్నాయి, పేర్లు లేవు. తెలుగులో పెట్టుకున్న ఫోల్డర్ల పేర్ల చోట డబ్బాలు వరసగా నిలబడ్డాయి. అవతలివాళ్లకు రాస్తే, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. చేశాను. డబ్బాలు కూడా పోయాయి. బియ్యం బస్తాలన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయి, లెక్కల పుస్తకం మాత్రం గోదాట్లో కలిసింది.

వరదకైనా ఒక మర్యాద ఉంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోవాళ్లు దాన్నిబట్టి గొడ్లను గట్టెక్కిస్తారు, కాగితాలు అటకెక్కిస్తారు. అప్‌డేట్‌కి ఆ మర్యాద కూడా లేదు. దానికి హెచ్చరికా అదే, వరదా అదే.

ఇది నా ఒక్కడి బాధ కాదు. 2015 అక్టోబరులో అడోబీ వాళ్ల ఫొటోల ప్రోగ్రాం లైట్‌రూమ్ 6.2 వచ్చినప్పుడు, ఫొటోలు లోపలికి తెచ్చుకునే కిటికీని "సులువు" చేశామని చెప్పి రోజూ వాడే సౌకర్యాలు కొన్ని తీసేశారు. పైపెచ్చు అది మాటిమాటికీ కూలబడింది. ప్రపంచం నలుమూలల నుంచీ ఫొటోగ్రాఫర్లు తిట్టిపోస్తే సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పి, నవంబరులో 6.3తో పాత కిటికీ తిరిగి ఇచ్చింది. 2020 ఆగస్టులో అదే లైట్‌రూమ్ ఐఫోన్ వెర్షన్ 5.4కి మారగానే, క్లౌడ్‌లోకి ఎక్కని ఫొటోలు కొందరికి ఉన్నపళంగా పోయాయి. దిద్దుబాటు వెర్షన్ వచ్చింది గాని పోయినవి రాలేదు. 2024 మేలో ఆపిల్ దీనికి తలకిందులు: ఐఓఎస్ 17.5 వేసుకున్నవాళ్లలో కొందరికి ఎప్పుడో చెరిపేసిన ఫొటోలు లేచి వచ్చి కూర్చున్నాయి. డేటాబేసు చెడిపోవడం వల్ల ఇలా అయిందని, 17.5.1లో సరిచేశామని ఆపిల్ చెప్పింది. పికాసా అనే ఫొటోల ప్రోగ్రాం సంగతి మరీ అన్యాయం. పాడవలేదు, ఏమీ కాలేదు, 2016 మార్చి 15 తర్వాత గూగుల్ దాని ఆలనాపాలనా మానేసింది, అంతే.

మన తెలుగుకు విడిగా ఒక ఘనత ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది: "జ్ఞా". మామూలుగా టైపు చేసిన "జ్ఞా" కాదు; జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక సంకేతం ఇరుక్కున్నది. అది తెర మీదకొస్తే చాలు, ఆ ఆప్ చచ్చి ఊరుకునేది. 19వ తేదీన ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగువాడు ఫొటోల ఆల్బానికి మొట్టమొదట పెట్టే పేరు "జ్ఞాపకాలు" అని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక అసలు పనితనంలోకి వద్దాం.

డిజికామ్‌ను 2001లో రెంచి రాజు మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో ఏళ్లుగా ఫ్రాన్స్‌కు చెందిన జీల్ కోలియే పెద్దరికంలో, కేడీఈ అనే స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ బృందం గొడుగు కింద నడుస్తోంది. ఉచితం. లైనక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా పనిచేస్తుంది. చరిత్ర ఇంతే చాలు. దాన్ని మెచ్చుకోవాలంటే అది వదిలివెళ్లే ఒక చిన్న ఫైలును చూడాలి.

కెమెరా నుంచి డీఎస్‌సీ_0451.జేపీజీ అనే ఫొటో వచ్చిందనుకోండి. అమలాపురంలో తీసినది. దానికి పేరూ ఊరూ పెట్టి, సెట్టింగ్స్‌లో పక్కఫైలు రాయమని టిక్కు పెడితే, అదే ఫోల్డర్లో డీఎస్‌సీ_0451.జేపీజీ.ఎక్స్ఎంపీ అని ఒక చీటీ పుడుతుంది. తోక మీద తోక ఏమిటని మొదట వింతగా తోస్తుంది. చాలా ప్రోగ్రాములు జేపీజీని కోసేసి ఆ చోట ఎక్స్ఎంపీ తగిలిస్తాయి. కాని పెళ్లిళ్లు తీసేవాళ్లు చాలామంది ఒక్కో క్లిక్కుకు రెండు ఫైళ్లు తీస్తారు, ఒకటి ముడి రూపం, ఒకటి జేపీజీ. ఇద్దరికీ పేరు ఒకటే, తోక వేరు. తోక కోస్తే ఇద్దరికీ కలిపి ఒకే చీటీ అవుతుంది, ఎవరిది ఎవరిదో తెలీదు. కోయకపోతే ఎవరి చీటీ వారిదే. ఎప్పుడో ఎవరో ఒక సాయంకాలం కూర్చుని ఈ కవలల సంగతి ఆలోచించారు. నాకు డిజికామ్ మీద గురి కుదిరింది ఆ రెండు తోకలు చూశాకే.

ఆ చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. తెరిచి చూస్తే తెలుగు తెలుగులాగే కనపడుతుంది. "ఊళ్లు/తూర్పు గోదావరి/అమలాపురం" అని ఒక వరస. కాస్త కిందికి దిగితే అదే మాట మళ్లీ ఉంటుంది, ఈసారి ఏటవాలు గీతల బదులు నిలువు గీతలతో: "ఊళ్లు|తూర్పు గోదావరి|అమలాపురం". ఇంకా కిందికి వెళ్తే మైక్రోసాఫ్ట్ వాళ్ల గడిలో ఒకసారి, ఏసీడీసీ అనే ఇంకో ఫొటో ప్రోగ్రాం వాళ్ల గడిలో ఒకసారి. మొదట చూసినప్పుడు ఇదేదో తప్పు, ఒకటే మాట ఇన్నిసార్లు ఎందుకు రాసిందనుకున్నాను. తప్పు కాదు. నిలువు గీత లైట్‌రూమ్‌కు అర్థమయ్యే యాస. ఏటవాలు గీత డిజికామ్ సొంత యాస. రేపు మీరు తనను వదిలి ఇంకో ప్రోగ్రాముకు వెళ్లిపోతే, అక్కడ కూడా మీ మాట చెల్లాలని ఇన్ని యాసల్లో రాసిపెడుతుంది. వెళ్లే కోడలికి చీర, సారె, దారిబత్తెం కట్టి, పక్కింటివాళ్లకు కూడా ఒక మాట చెప్పి పంపే అత్తగారిని ఎక్కడైనా చూశారా? సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో నేనైతే వేరే చూడలేదు. తక్కినవాళ్లు గుమ్మానికి తాళం వేస్తారు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఈ చీటీ రాసే పద్ధతి, ఎక్స్ఎంపీ, డిజికామ్ కనిపెట్టింది కాదు. 2001లో అడోబీయే తెచ్చింది. 2012లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. అంతకుముందు పత్రికలవాళ్లు వాడిన ఐపీటీసీ పద్ధతిలో ఒక కీవర్డుకు 64 బైట్లే హద్దు. ఇంగ్లీషుకు అది ధారాళం. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతం గుర్తుకు విడిగా మూడు, పొల్లుకు విడిగా మూడు. "కోనసీమ" 18 బైట్లతో గట్టెక్కుతుంది. "అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి" అని రాస్తే 85 అవుతుంది. అరవై నాలుగు దగ్గర కత్తెర వేస్తే మిగిలేది "అంతర్వేది లక్ష్మీనరసిం". స్వామి సగంలో ఆగిపోతాడు. ఎక్స్ఎంపీలో ఆ కత్తెర లేదు. ఫొటో కింద రాసే వ్యాఖ్యను డిజికామ్‌లో రెండు మూడు భాషల్లో విడివిడిగా కూడా పెట్టుకోవచ్చు. డల్లాస్‌లో పెరిగే మనవడికి ఇంగ్లీషులో, వాడి అమ్మకు తెలుగులో.

అమలాపురం తూర్పు గోదావరి ఏమిటి అని ఈపాటికి కోనసీమవాళ్లు కోప్పడుతుంటారు. నిజమే. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కొత్త కోనసీమ జిల్లాకు కేంద్రమైంది, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం కేంద్రమైంది, భీమవరం పశ్చిమ గోదావరికి తలగా వచ్చింది. ఫొటోలకు ఊళ్ల పేర్లు పెట్టుకున్నవాడికి ప్రభుత్వం ఇచ్చిన హోంవర్కు ఇది. డిజికామ్‌లో ఊరిపేరు ఒక చెట్టుకొమ్మ లాంటిది. అమలాపురం అనే కొమ్మను పట్టుకుని తూర్పు గోదావరి మీద నుంచి లాగి కోనసీమ మీద వదిలితే చాలు, దాని కింద ఉన్న ఫొటోలన్నీ కొత్త జిల్లాలోకి వచ్చేస్తాయి. ఆ తర్వాత నిర్వహణ మెనూలో డేటాబేసునూ ఫైళ్లనూ సరిపోల్చే పని ఒకటుంది, దాన్ని రాత్రి నడిపించి పడుకుంటే ప్రతి చీటీలోనూ జిల్లా మారిపోతుంది. రెవెన్యూవాళ్లు కూడా ఇంత తొందరగా మార్చుకుని ఉండరు.

డేటాబేసు అన్నాను కదా. డిజికామ్‌కీ ఒకటుంది, వెతకడం చురుగ్గా సాగాలి కాబట్టి. తేడా ఏమిటంటే, రాతలు ఫొటోలోనో చీటీలోనో కూడా ఉండేలా పెట్టుకుంటే ఈ డేటాబేసు పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. ఆ ఫైలు పేరు ఇప్పటికీ డిజికామ్4 అనే ఉంటుంది. ప్రోగ్రాం 2016లో అయిదుకు, 2020లో ఏడుకు, 2023లో ఎనిమిదికి వచ్చింది, ఫైలు పేరు మాత్రం నాలుగు దగ్గరే ఆగింది. చక్కగా ఎనిమిది అని పెట్టుకోవచ్చు, జనం మెచ్చుకుంటారు. కాని పేరు మార్చితే పాత ఫైలును వెతుక్కునే దారులన్నీ మార్చాలి. అలాంటి చోట అందాన్ని వదులుకోవడం నాకు నచ్చింది.

ఇంకొకటి. ఫొటోను మీరు ప్రోగ్రాముకు చెప్పకుండా వేరే ఫోల్డర్లోకి మార్చేశారనుకోండి. చాలా చోట్ల అది "తప్పిపోయిన ఫైలు" అవుతుంది, ఎర్ర గుర్తు పడుతుంది. డిజికామ్ ప్రతి ఫొటోకూ ఒక వేలిముద్ర తీసుకుంటుంది. ఫైలు మొత్తం చదవదు, వేల ఫొటోలు చదవాలంటే తెల్లారిపోతుంది. మొదటి వంద కిలోబైట్లు, చివరి వంద కిలోబైట్లు, అంతే. తలా తోకా చూసి చేపను గుర్తుపట్టే బేరగాడి పద్ధతి. కొత్త ఫోల్డర్లో అదే ముద్ర కనపడితే, పాత పేర్లన్నీ తెచ్చి దానికే తగిలిస్తుంది. ఊడదీసి మళ్లీ తగిలించిన బయటి హార్డ్ డిస్కును కూడా అక్షరం చూసి కాక దాని సొంత గుర్తింపు సంఖ్య చూసి పోలుస్తుంది. డి డ్రైవు ఈ డ్రైవు అయినా కంగారు పడదు.

లోపాలు లేవా అంటే, బోలెడు. సెట్టింగ్స్ పేజీలు తెరిస్తే కొత్తవాడికి కళ్లు తిరుగుతాయి. పైన నేను మెచ్చుకున్న చీటీ కూడా ఆ పేజీల్లో వెతికి టిక్కు పెడితేనే పుడుతుంది. అంత మంచి పనిని అంత లోతున దాచడం నాకు మింగుడు పడలేదు. మొహాలు గుర్తుపట్టే పనిలో అక్కచెల్లెళ్లను కలిపేస్తుంది, బాసికం కట్టిన పెళ్లికొడుకును ఎవరో అనుకుంటుంది. కొత్త వెర్షన్లలో తప్పులు దొర్లుతూనే ఉంటాయి. కాని ఎవరైనా తప్పు రాసిపెడితే అది అందరికీ కనపడే చిట్టాలో నంబరుతో ఉంటుంది, దాని కింద చేసినవాళ్లే జవాబిస్తారు, తర్వాతి విడుదలలో సరిదిద్దినవాటి జాబితాలో ఆ నంబరు వెతుక్కోవచ్చు. నా ఆదివారానికి అలాంటి నంబరు ఏదీ లేదు.

ఈమధ్య పెద్దమ్మ పెట్టెలో ఫొటోలు స్కాన్ చేస్తున్నాను. తేదీ లేని వాటికి గోదావరే సాక్షి. వెనకాల రైలూ రోడ్డూ కలిసిన వంతెన ఉంటే 1974 తర్వాతిది. హేవలాక్ వంతెన మీద రైలు ఉంటే 1997కి ముందుది. దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన కనపడితే మాత్రం మన కాలమే. "ఎడమ నుంచి మూడో ఆవిడ" ఫొటోలో మొదటిది ఉంది, ఆర్చిలు లేవు. పెద్దమ్మ రాసినదాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి, కింద "1974కి తర్వాత, 1997కి ముందు" అని చేర్చాను. "చీర నాది" అన్నది తీసేద్దామా అనుకుని ఉంచేశాను.

దాన్ని పెద్దది చేయించడానికి మా వీధి చివర స్టూడియో కుర్రాడికి ఇచ్చాను. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వెనక రాతంతా గీకేసి ఇస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లోనే, చీటీతో సహా. అతను వాడేది వేరే ప్రోగ్రాం. తెరిచాడు, ఓ పక్కన ఏదో గడి లాగాడు.

"ఇక్కడ ఏదో రాసుందండీ. ఆత్రేయపురం పిన్ని ఎవరండీ?"

"కనపడుతోందా?"

"ఆయ్, చీర సంగతి కూడా కనపడతందండీ."