బ్రేకుల తూకము
1962లో ఇంగ్లండున వెలువడిన ఎమ్.జి.బి. స్పోర్ట్సు కారునకు ముందు చక్రములకు డిస్కులును, వెనుక చక్రములకు డ్రమ్ములును అమర్చిరి. నేడు దాని బ్రేకుల బలము పెంపుమని కోరినంతనే నాలుగు చక్రములకును పెద్ద డిస్కులు బిగింపక, బ్రేకు నొక్కినపుడు భారము ముందునకు ఒరగి వెనుక చక్రములు తేలికపడుననియు, అవి ముందుగా పట్టివేసినచో బండి గిరగిర తిరిగిపోవుననియు ఎఱిగి, మొదట పాత రబ్బరు గొట్టములు మార్చి, తగిన ప్యాడ్లు ఎంచి, ముందు కాలిపర్లు పెద్దవి పెట్టినచో పెడలు మరీ లోతునకు దిగకుండ మాస్టరు సిలిండరును కూడ సరిచూచు మెకానిక్కు వివేకము నిజముగా శ్లాఘనీయము.

పిదప నిర్జనమైన దారిలో బండి నడిపి, పలుమారులు బ్రేకు వేసి, క్రొత్త ప్యాడ్లు అంతటను సమముగా ఒరసినవో లేదో డిస్కుపై ఏర్పడిన బూడిదవన్నె పొరను వంగి పరికించును, ఎంత ఓర్పు! పాత కారు గల మిత్రులారా, సొమ్ము వెచ్చించుటకు మున్ను అట్టి పనివానిని వెదకుకొనుడు. రెండేండ్లకొకమారు బ్రేకు ద్రవము తప్పక మార్పించుడు.