పుచ్చుకొను విద్య

గ్రామ సంఘమునకు కాపరిగా నుండువానికి ముఖ్యముగా కావలసిన నేర్పు ఏదియని అడిగినచో, పట్టణవాసులైన మిత్రులు ప్రసంగమనియు, వేదాంత కళాశాలలోని ఉపాధ్యాయులు లేఖన పాండిత్యమనియు, అధ్యక్షఖండ కార్యాలయములోని వారు లెక్కలను సకాలములో పంపుటయనియు చెప్పుదురు. ఈ మూడింటిలో ఏదియు అనవసరమని నేననను. కాని ఖమ్మము, మానుకోట ప్రాంతపు పల్లెలలో, కొద్ది గడపలకు మించని చిన్న సంఘముల నడుమ జీవితములో అధికభాగము గడపిన పిమ్మట నాకు తోచుచున్నదేమనగా, వీని యన్నింటికంటె కష్టమైనదియు, ఏ పాఠ్యక్రమమునందును చేరనిదియునగు విద్య మరియొకటి కలదు. అది పుచ్చుకొను విద్య. ఇచ్చుటను గూర్చి మేము ప్రతి ఆదివారమును బోధింతుము. తనకంటె పేదవాని చేతినుండి, వానికి చిన్నతనము కలుగకుండ, తనకు గర్వము పెరుగకుండ పుచ్చుకొనుట యెట్లో మాకెవ్వరును బోధింపలేదు.

మా పల్లెలలో గుప్పెడు బియ్యమను ఆచారమొకటి కలదు. ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టి, ఆ పూటకు కొలిచి తీసిన బియ్యమును కడుగుటకు ముందు అందులోనుండి ఒక గుప్పెడు తీసి, ఒక్క మాట ప్రార్థన చేసికొని, గూటిలో వేరుగా నుంచిన డబ్బాలో వేయును. వారము తిరుగునప్పటికి ఆ డబ్బా సగమో పాతికో నిండును. ఆదివారమునాడు దానిని చేతిసంచిలోనో కొంగుమూటలోనో తెచ్చి, కానుకల వేళ బల్లయెదుటనున్న గంపలో కుమ్మరింతురు. తమ మడిలో పండిన సన్నబియ్యము, కౌలుపొలములోని దొడ్డుబియ్యము, చౌకధరల దుకాణమునుండి తెచ్చిన బియ్యము, కూలికి మారుగా వచ్చిన నూకలు, అన్నియు ఆ గంపలో ఒక్కటియైపోవును. అందులో కొంత అమ్మగా వచ్చిన సొమ్ము సంఘపు లెక్కలో చేరును. కొంత పాస్టరుగారి ఇంటికి వచ్చును. అట్టి బియ్యమును వండుట యెంత కష్టమో నా భార్య యెరుగును. సన్నబియ్యము చిమిడి ముద్దయగునప్పటికి దొడ్డుబియ్యము ఇంకను పలుకుగానే యుండును. ఎసరు దేనికి సరిపెట్టినను మరియొకదానికి తప్పును. ఒక్క వేళకు ఉడకనివారినందరిని ఒక్క కుండలో నుంచి, ఎవరిని పారవేయక, ఓపికతో కాచుకొనవలసిన ఈ వంటయే సంఘపరిపాలనమని నేను కంచము ముందు కూర్చుండియే గ్రహించితిని.

ఈ బియ్యము వెనుక మా దేశమున ఒక చరిత్ర కలదు. తెలుగు పల్లెలలోని పేదలు క్రైస్తవులైన నాటినుండి వారిపై లోకము విసరిన నింద యొకటున్నది: బియ్యమునకై మతము మారినారని. 1876–78 నాటి ధాత కరవులో ఒంగోలునందలి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. అన్నమునకై వచ్చిరను మాటకు తావీయరాదని, సహాయము సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. ఆ సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటియందు వెల్లంపల్లి యొద్ద ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి, ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. పంచిపెట్టుటకు ఏమియు మిగులని దినమున వచ్చినవారు వారు. ఐనను నింద మాత్రము నిలిచినది. దానికి ప్రత్యుత్తరముగా వాదగ్రంథములు వ్రాయువారు వ్రాయుదురుగాక. బియ్యము పుచ్చుకొనిరని లోకము ఎవరినైతే అనెనో వారి మునిమనుమరాండ్రు నేడు బియ్యమిచ్చుచున్నారు. పుచ్చుకొనుచున్నవాడను నేను.

మా ప్రాంతమున పేదలచేత ఇప్పించుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టిన ఈ తమిళుడు 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్లుకు సువార్తికుడై వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరులో కలకత్తాయందు అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘములో భారతీయులలో మొదటి బిషపు అయ్యెను. అంతకు రెండేండ్లు ముందు, 1910లో, ఎడింబరోయందు జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, ఇంతవరకు అందని వస్తువొకటి కలదనియు, అది స్నేహమనియు నిర్భయముగా చెప్పెను. ఆ ప్రసంగమునకును గుప్పెడు బియ్యమునకును దగ్గర చుట్టరికము కలదని నా నమ్మకము. ఎల్లవేళల ఇచ్చువాడుగానే యుండదలచినవాడు దాత కాగలడు, అధికారి కాగలడు. స్నేహితుడు మాత్రము కాలేడు. పరదేశపు జీతముతో బ్రదుకు బోధకుని పల్లె ఉద్యోగస్థుల జాబితాలో చేర్చును. తన గంపలోని బియ్యము తిన్నవానిని తనవానిగా ఎంచి, తప్పు చేసినప్పుడు మందలించుటకు కూడ వెనుదీయదు. కూలినాలి చేసికొను జనుల పేదరికమును అజరయ్య మినహాయింపుగా ఎంచలేదు; తమ సంఘమును తాము పోషించుకొనుట వారి హక్కని భావించెను.

మా పని పగటివేళ కనబడునది కాదు. నాట్లు, కలుపుతీతలు, పత్తి ఏరుట, మిరపకోతలు సాగు కాలములలో తెల్లవారకమునుపే పల్లె ఖాళీ యగును. కావున కూడికలైనను, ఇండ్ల దర్శనములైనను దీపములు పెట్టిన తరువాతనే. పాస్టరు గడపలో అడుగుపెట్టగానే పొరుగింటినుండి ఒక కుర్చీ వచ్చును; పిల్లవాడు చక్కెర పొట్లమునకై దుకాణమునకు పరుగెత్తును. అప్పుడు “ఎందుకమ్మా శ్రమ, వద్దు” అనుట మర్యాదయని పట్టణమున నేర్చుకొందుము. మాలపల్లెలో, మాదిగపల్లెలో ఆ మాట వేరుగా వినబడును. తమ కుండలోని నీరు ఊరు ముట్టదను సంగతిని తరతరములుగా ఎరిగినవారికి, జాలితో పలికినదైనను, “వద్దు” అనునది ఆ పాత మాటయే. నా మొదటి సంవత్సరములలో ఒక వృద్ధ గురువు నన్ను వెంటబెట్టుకొని పల్లె తిరుగుచు, “ముందు టీ తాగు బాబూ, ప్రార్థన తరవాత చెయ్యొచ్చు” అనెను. ముందు ప్రార్థన చేసి లేచిపోవువాడు కార్యము చక్కబెట్టుకొని పోవు అధికారియనియు, ముందు టీ త్రాగినవాడు చుట్టమనియు, చుట్టము చేసిన ప్రార్థనకు ఇల్లంతయు ఆమెన్ పలుకుననియు ఆయన అభిప్రాయము.

పుచ్చుకొనుటలో మరియొక ప్రయోజనము కలదు. గంపలో పడిన గుప్పెడుకంటె, పడని గుప్పెడు కాపరికి ఎక్కువ సంగతులు చెప్పును. “పడమటి వీధి చిన్నమ్మ రెండు వారాలనించి బియ్యం తేవట్లేదయ్యగారూ” అని స్త్రీల సమాజపు పెద్ద చెవిలో వేసినప్పుడు, దానిని బాకీగా విన్నవాడు కాపరి కాడు. ఆ యింట జ్వరము తగిలి యుండవచ్చును. కొడుకు మేస్త్రీయొద్ద ముందుగా డబ్బు తీసికొని గుంటూరు వైపు మిరపకోతకు పోయి యుండవచ్చును. ఒకే చాపమీద కూర్చుండవలసిన తోడికోడలితో మాటలు లేకపోవచ్చును. లేదా తీసి వేయుటకు నిజముగా గుప్పెడు బియ్యమే లేకపోవచ్చును. ఆ రాత్రికే పోవలెను. పోయి బియ్యపు మాట యెత్తరాదు. మేక ఈనెనా, పిల్లవాడు హాస్టలునుండి వచ్చెనా అని అడిగి కూర్చుండినచో, రావలసిన మాట దానంతట అదియే వచ్చును. రాకపోయినచో మరునాడు మరల పోవలెను.

ఇచ్చువారి ఆనందమును బహిరంగముగా చూడవలెనన్నచో కోతపండుగనాడు రావలెను. వరికంకులతో గుమ్మము కట్టి, గుమ్మడికాయలు, సొరకాయలు, మిరపపండ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు, గ్రుడ్లు బల్లముందు పేర్తురు. భూమి లేనివారు ఒకనాటి కూలి తెత్తురు. ఆరాధన ముగిసిన పిదప వేపచెట్టు క్రింద పాట మొదలగును. సంఘపెద్ద ఒక కోడిగ్రుడ్డు నెత్తిపట్టి “ఒకటోసారి, రెండోసారి” అని కేకవేయుచుండగా, దాని ధర అంగడి ధరను దాటి, కోడి ధరను కూడ దాటును. పాడుకొన్నవాడు సొమ్ము చెల్లించి, గ్రుడ్డును తిరిగి పెద్దచేతిలో పెట్టి, “మళ్ళీ పాటకు పెట్టండి” అనును. ఆ గ్రుడ్డు మరల అమ్ముడుపోవును. ఊరిలోని దుకాణదారుడు, బొట్టు పెట్టుకొన్న పెద్దరైతు కూడ వచ్చి ఒక కోడినో కాయనో పాడుకొనుట కద్దు. అర్థశాస్త్రజ్ఞుడు ఇందులో వివేకము చూడలేడు. కాని ఆ గ్రుడ్డు తెచ్చిన ముసలమ్మను చూడుడు: తాను ఇంటిలోనుండి సిగ్గుతో తెచ్చిన వస్తువును ఊరంతయు పోటీపడి కోరుట ఆమె జీవితములో అరుదుగా జరిగిన విషయము. ఈ వేళ కాపరికి గల పని స్వల్పము, సూక్ష్మము. పాట భక్తినుండి పంతములోనికి జారుట అతడు కనిపెట్టవలెను. పొలముగట్టు వివాదము గల అన్నదమ్ములిద్దరు ఒకే సొరకాయకై గొంతులు పెంచునప్పుడు, పెద్దకు కనుసైగ చేసి “మూడోసారి” అనిపింపవలెను.

అన్నిటిని పుచ్చుకొనుట విద్య కాదు. బిడ్డకు స్వస్థత కలిగినదని వడ్డీకి తెచ్చి యిచ్చిన కృతజ్ఞతార్పణలో నేనొక్క రూపాయి తీసికొని ప్రార్థించి, మిగిలినదానిని ఆ తండ్రిచేతనే షావుకారుకు పంపుదును. ఎన్నికల ముందు ఓటు చీటీలతో కూడ వచ్చు మైకుసెట్టును పెద్దలతో ఆలోచించి మర్యాదగా త్రిప్పి పంపుదుము. పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు పంపిన పంకా మంచిదే, వేసవిలో అవసరమే. కాని దాని రెక్కలమీద వ్రాసిన పేరు, స్త్రీలవైపు ముందు వరుసలో అతని తల్లికి శాశ్వతస్థానము కోరుటకు ఎంతో కాలము పట్టదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టి జీవించి, ఆ సంఘమునకు భారము కాలేదు; ఫిలిప్పీవారు పంపినదానిని మాత్రము సంతోషముతో అందుకొనెను. అక్కడ మనసులు వేరు, ఇక్కడ మనసులు వేరు. ఇచ్చినవానికి ఇయ్యనివానిపై అధికారము కలిగించు కానుకను కాపరి అంటరాదు.

పుచ్చుకొన్నవాని ప్రసంగము కూడ మారును. ఏలీయా ప్రవక్తను పోషించిన సారెపతు విధవరాలి కథను పట్టణపు సంఘములో చెప్పినప్పుడు, తరుగని పిండి, ఒట్టిపోని నూనె అను అద్భుతమే శ్రోతల చెవినంటును. మా పల్లెలో చెప్పినప్పుడు ఒక స్త్రీ, “చివరి గుప్పెడు పిండి కూడా ముందు నాకే పెట్టమని అడగటానికి ఆయనకు నోరెట్లొచ్చిందయ్యగారూ?” అనెను. ప్రక్కనున్న వృద్ధురాలు నాకంటె ముందుగా, “ఆకలైతే ప్రవక్తకైనా అంతేనమ్మా” అని సమాధానమిచ్చెను. ఏలీయా ఆ యింటికి వరము తెచ్చినవాడు కాకముందు ఆకలితో వచ్చిన పరదేశియని ఆమె ఎరుగును. ఆయన అడిగినందువలననే ఆ యిల్లు ఇయ్యగల యిల్లయ్యెనని ఆనాడు నేను చెప్పగలిగితిని. అట్టి శ్రోతలను, వారి బియ్యము తిని వచ్చి, ఎత్తయిన చోటినుండి గద్దించుటకు నోరు రాదు. పాపమును పాపమని చెప్పవలసియే వచ్చును; కాని “మీరు” అని మొదలైన వాక్యము “మనము” అని ముగియును.

క్రొత్తగా పట్టము పొంది పల్లెకు వచ్చు యువగురువులు నా యొద్దకు వచ్చి తమ ఆలోచనలు చెప్పుదురు: రాత్రిబడి, వైద్యశిబిరము, వృద్ధులకు దుప్పట్లు. అవన్నియు కావలసినవే, చేయుడని చెప్పుదును. కాని మొదటి యేడు మాత్రము వారు పెట్టినది తినుడు, వారు వేసిన కుర్చీలో కూర్చుండుడు, వారి గంపలోని నూకలతో మీ యింట గంజి కాచుకొనుడు. మీకు వారియందు కొంత ఋణము పడనిండు. ఋణపడినవాడు తరువాత ఇచ్చునది తిరుగుమర్యాద యగును గాని దయాదానము కాదు. ఈ క్రమము తారుమారైనచో, మీరిచ్చు దుప్పటిని పల్లె వరుసలో నిలిచి పుచ్చుకొనును. ఆదివారము మాత్రము గుడికి రాదు.