బిళ్ళగన్నేరు పసరు

వికారాబాదు - తాండూరు రైలుదారిలోని ధారూరులో పెరటిమొక్కగా బిళ్ళగన్నేరు క్రొత్తది కాదు. “కేన్సరు మందు దీనినుండియే తీయుదురు గదా, ఆసుపత్రి వైద్యముతోపాటు ఆకు పసరు త్రాగిన తప్పేమి?” అను వాదమును పరిశీలింపవలసియున్నది.

ఇందు మొదటి సగము సత్యమే. కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు మధుమేహమునకు పనిచేయునేమోయని ఈ మొక్కను పరీక్షించిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. ఎలుకలలో తెల్ల రక్తకణములు తగ్గిపోయినవి! ఆ జాడ పట్టి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుపరచిరి. విన్‌క్రిస్టిన్ తరువాత వచ్చినది. పిల్లల రక్త కేన్సరులో నేటికిని అది ముఖ్యమైన మందు.

రెండవ సగమే దోషయుక్తము. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. విన్‌క్రిస్టిన్‌ను శరీర వైశాల్యము లెక్కగట్టి, సాధారణముగా 2 మిల్లీగ్రాములు మించకుండ సిరలోనికి ఎక్కింతురు. హెచ్చినచో నాడులు దెబ్బతినును. గ్లాసెడు పసరులో ఏ ఆల్కలాయిడ్ ఎంతయున్నదో తూచినవారెవరు? యోగాభ్యాసము ఆందోళనను తగ్గించిన మంచిదే. అది రక్తములో కలిసి మందుతో పోటీపడదు. పసరు అట్లు కాదు.

కీమోథెరపీకి ముందు రక్తపరీక్ష చేయుదురు. తెల్లకణములు మరీ తగ్గియున్నచో మోతాదు వాయిదా పడును. తగ్గించినది తన మందో, ఇంటి పసరో, రోగి చెప్పనిచో వైద్యునకు తెలియు మార్గము లేదు.