ఆంగ్లవాక్యమున క్రియాకాలము - తెలుగు పరిశోధకుడు

పరిశోధన తెలుగున జరిగినను దాని సంగ్రహమును ఆంగ్లమున వ్రాయవలసిన సందర్భములు మన శాఖలలో తరచుగ వచ్చును. ఇతర భాషలవారికి మన కవులనుగూర్చి తెలియునది చాలవరకు అట్టి సంగ్రహముల మూలముననే. వానిని కొన్నింటిని చదివిన పిమ్మట మాకు తోచినదేమనగా, వానిలోని దోషములలో అధికభాగము పదములయందు కాదు, క్రియలయందున్నది. పైగా ఆ దోషములు అజాగ్రత్తవలన అచటచట దొరలినవి కావు. అవి ఒక క్రమమును పాటించుచున్నవి. ఆ క్రమము తెలుగు వ్యాకరణమే.

"పోతన ఈజ్ డిస్క్రైబింగ్" అని వ్రాయువాడు అట్లేల వ్రాయుచున్నాడు? మన వ్యాఖ్యాతలు "కవి ఇచట వర్ణించుచున్నాడు" అందురు. ఆ రూపమును ముక్కకు ముక్కగా ఆంగ్లమున పెట్టినచో వచ్చునది ఈజ్ డిస్క్రైబింగ్. తెలుగున నది శుద్ధము. ఆంగ్లమున మాత్రము ఆ రూపము ఈ క్షణమున సాగుచున్న పనిని స్ఫురింపజేయును. పోతన గంటము చేతబట్టి మన యెదుట కూర్చున్నట్లు చదువరికి తోచును. ఆంగ్లవిమర్శకులిట్టిచోట డిస్క్రైబ్స్ అందురు. కావ్యమునందలి వర్ణనము నిన్నటిది కాదు, నేటిదియు కాదు, కావ్యమున్నంతకాలముండునది.

ఈ భేదమును బోధించుటకు బడిపుస్తకములలో సామాన్యముగ నుండునది ఒక పట్టిక. భూతము, వర్తమానము, భవిష్యత్తు అని మూడు వరుసలు. ఒక్కొక్క వరుసలో నాలుగేసి రూపములు. ఎదుట తెలుగు అర్థములు. రూపమును బట్టి చూచినచో ఆంగ్లక్రియకు కాలములు రెండే యనియు, భవిష్యత్తునకు ప్రత్యేక ప్రత్యయము లేదనియు భాషాశాస్త్రజ్ఞులు పలువురు చెప్పుదురు. ఆ మాట అటుండనిండు. పట్టికలోని అసలు చిక్కు తెలుగు వైపునున్నది. నేటి వాడుకలో "వస్తాను" అనునది అలవాటునకును రాబోవు పనికిని ఒక్కటే. "రోజూ ఆరుగంటలకు లేస్తాను" అని తలచిన విద్యార్థి పట్టికలో రెండుచోట్ల "లేస్తాను" కనబడగా తన కెదురైనదానిని గైకొని "ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్ డైలీ" యని వ్రాయును. వానికి పది మార్కులలో రెండు తగ్గును. ఏల తగ్గినదో తెలియదు.

ఇచట మనకు అక్కరకు వచ్చునది 1858 నాటి బాలవ్యాకరణము. చిన్నయసూరి క్రియావిభాగమున వర్తమాన భూత భవిష్యత్తులతో నాగలేదు. తద్ధర్మార్థకమను నాలవదానిని చెప్పెను. వండుచున్నాడు, వండెను, వండగలడు అనువానికంటె వేరైనది వండును. తద్ధర్మశబ్దము పాణినీయమునందే కలదు. తచ్ఛీలము, తద్ధర్మము, తత్సాధుకారి యని మూడర్థములు అచట కలసి వచ్చును. స్వభావము, ధర్మము, నేర్పు అను మూటికిని కాలముతో పట్టింపు లేదు. ఆంగ్లేయులు వ్రాసిన తెలుగు వ్యాకరణములలో ఈ రూపమునకు గ్రీకు వ్యాకరణమునుండి తెచ్చిన ఆయోరిస్టు అను పేరు కనబడును. అంత దూరము పోనక్కరలేదు. వారి భాషలోని రైజెస్, బర్న్స్, డిస్క్రైబ్స్ అనునవి ఆ పనినే చేయుచున్నవి. సూర్యుడు తూర్పున ఉదయించును. నిప్పు కాల్చును. కవి ఈ పద్యమున వర్ణించును. ఆంగ్లపు సామాన్యవర్తమానమును వర్తమానమని పిలుచుట మానివేసి తద్ధర్మార్థకమని చెప్పినచో తెలుగు విద్యార్థికి సగము భ్రాంతి తొలగునని మా యభిప్రాయము. వ్యవహారమున ఆ రూపము భవిష్యత్తుతో కలసిపోయినను, ఈ వ్యాసము వ్రాయుచున్న భాషలో నది ఇంకను బ్రతికియే యున్నది.

భారతీయుల ఆంగ్లము ఒక స్వతంత్రభేదమనియు, "ఐ యామ్ హావింగ్ ఎ డౌట్" వంటివి దాని లక్షణములనియు ఒక వాదము కలదు. బ్రజ్ కచ్రూ వంటి పండితులు ఈ భేదమును శాస్త్రీయముగ పరిశీలించిరి. ఆయన గ్రంథము "ది ఇండియనైజేషన్ ఆఫ్ ఇంగ్లీష్" 1983లో వెలువడినది. సంభాషణ విషయమున మాకు ఆక్షేపము లేదు. వ్రాతలో వక్త ముఖము కనబడదు, తిరిగి అడుగుటకు వీలులేదు. రెండు రూపములకు రెండర్థములున్న భాషలో ఒకదానినే వాడినచో రెండవ యర్థము చెప్పుటకు సాధనము పోవును.

"డిడ్ నాట్ కేమ్" అనుదానికి మాత్రము తెలుగును తప్పుపట్టరాదు. "రాలేదు" అనుటలో భూతార్థమంతయు లేదులో నున్నది. "రా" వట్టి మూలరూపము. వచ్చెలేదు అనువాడెవడును లేడు. డిడ్ నాట్ కమ్ అనునదియు నట్టిదే.

భూతకాలమున తద్ధర్మార్థకము మనకు తోడురాదు. "వచ్చెను" అను నొక్కరూపమున తెలుగు ఇముడ్చుకొన్నదానిని ఆంగ్లము మూడుగ పంచును. పాణినీయమునందును భూతమునకు లుఙ్, లఙ్, లిట్ అని మూడు కలవు; నేటిది కానిదానికి లఙ్, కంట చూడనిదానికి లిట్ అని విభాగము. ఆంగ్లపు పంపకము దీనితో సరిపోదు. నేటి ఉదయమున చూచినదానికైనను, ఆ ఉదయము గడచినచో వారు సామాన్యభూతమునే వాడుదురు. భూతమును పలుతెరగుల విడదీయవచ్చునన్న భావన మనకు క్రొత్త కాదన్నంతవరకే ఈ పోలిక.

"నన్నయ హాజ్ ట్రాన్స్‌లేటెడ్ ది మహాభారత ఇన్ ది ఎలెవెంత్ సెంచురీ" అను వాక్యము మాకు పలుమార్లు కనబడినది. హాజ్ అనునది వర్తమానముతో తెగని బంధమును తెలుపును. పదునొకండవ శతాబ్ది ముగిసిపోయినది. కాలము పేర్కొనగనే హాజ్ తొలగవలెను. ఇది చిన్న దోషము, అర్థము చెడదు. హాడ్ విషయమట్లు కాదు. నన్నయ అరణ్యపర్వమున నాలుగవ ఆశ్వాసమువరకు వ్రాసెను. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు వ్రాసెను. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించెను. గ్రంథక్రమము వేరు, రచనాక్రమము వేరు. ఈ కథను "నన్నయ రోట్, ఎఱ్ఱన కంప్లీటెడ్ ది ఫారెస్ట్ బుక్, తిక్కన రోట్ ది రెస్ట్" అని ఒకే భూతమున వరుసగ చెప్పినచో, తెలుగెరుగని చదువరి ఎఱ్ఱనను తిక్కనకు పూర్వుని చేయును. శతాబ్దముల అంకెలు ప్రక్కన లేనిచో వానిని దిద్దువారు లేరు. "వెన్ ఎఱ్ఱన టుకప్ ది టాస్క్, తిక్కన హాడ్ ఆల్రెడీ రిటెన్ ది లాస్ట్ ఫిఫ్టీన్ బుక్స్" అన్నప్పుడు ఆ ఒక్క హాడ్ నూరేండ్ల చరిత్రను సరిచేయును. తెలుగున మనము "అప్పటికే వ్రాసియుండెను" అందుము. ఆంగ్లము వ్రాయునప్పుడు ఈ "యుండెను"ను ఏల విడచిపెట్టుచున్నామో మాకు బోధపడదు.

ఎఱ్ఱన తన పూరణమును రాజరాజనరేంద్రునకే అంకితముగ, నన్నయయే వ్రాసినట్లుగ నిర్వహించెను. తన కాలమును మరుగుపరచుకొనుట ఆయన వినయము. ఆయనను గూర్చి వ్రాయు సంగ్రహకర్తకు ఆ స్వాతంత్ర్యము లేదు.