ఐదోవాడి గురువు

క్రాస్ కంట్రీ పరుగులో జట్టు గెలుపు తేలేది ఐదోవాడి దగ్గర. ఒక్కో కాలేజీ నుంచి ఏడుగురు బరిలో దిగుతారు. పచ్చికలో, మిట్టపల్లాల్లో, వాన పడి ఉంటే ఆ బురదలోనే పది కిలోమీటర్లు పరుగెత్తుతారు. వాళ్లలో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే కప్పు వాళ్లది. మొదటివాడు అందరికంటే అర నిమిషం ముందు గీత దాటినా జట్టుకు అతను తెచ్చేది ఆ ఒక్క అంకే. ఐదోవాడు చివరి కిలోమీటరులో నీరసపడ్డాడంటే మాత్రం కళ్లముందే ఇరవై ముప్పై మంది అతన్ని దాటిపోతారు, ఎందుకంటే గుంపు నడుమ మనుషులు భుజం భుజం రాసుకుంటూ వస్తుంటారు. ఆరోవాడు, ఏడోవాడు లెక్కలోకి రారు గానీ, ఎదుటి జట్టు ఐదోవాడి కంటే ముందొస్తే అతన్ని వెనక్కి నెట్టి పుణ్యం కట్టుకుంటారు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడితే 15. ఈ ఆటలో అంతకంటే తక్కువ రావడానికి వీల్లేదు. 1992లో అమెరికా కాలేజీల రెండో డివిజన్ జాతీయ పోటీలో కొలరాడో రాష్ట్రానికి చెందిన ఆడమ్స్ స్టేట్ కాలేజీ ఆ 15 సాధించింది. ఫిల్ కాస్టియో మొదట వచ్చాడు. అతని వెనక వచ్చిన నలుగురూ అతని జట్టువాళ్లే. ఐదు స్థానాలూ అయిపోయాక గానీ మరో కాలేజీ చొక్కా కనిపించలేదు. దేశం నలుమూలల నుంచి ఏరి తెచ్చిన జట్ల మధ్య జరిగిన పందెం అది. ఆ ఐదుగురినీ తీర్చిదిద్దిన కోచ్ పేరు జో విహిల్. పరుగు శిక్షణలో నాకు తెలిసినంతలో ఇంత నికార్సయిన పనితనం మరొకటి లేదు. మెరికలాంటి కుర్రాడు ఒకడు ఏ ఊళ్లోనైనా పుడతాడు. ఒకే చిన్న ఊళ్లో, ఒకే ఉదయానికి, ఐదుగురు ఒకే స్థాయికి రావడం అదృష్టం పని కాదు.

విహిల్ 1929లో కొలరాడో దక్షిణపు అంచున ఉన్న ఆంటోనిటో అనే చిన్న ఊళ్లో పుట్టారు. నౌకాదళంలో పనిచేశారు. ఆడమ్స్ స్టేట్‌లోనే చదువుకున్నారు, అక్కడ ఆయన ఆడింది ఫుట్‌బాల్. తర్వాత అలమోసా హైస్కూల్లో పాఠాలు చెప్పి, 1965 నుంచి 1993 దాకా తాను చదివిన కాలేజీలోనే కోచ్‌గా ఉండిపోయారు. ఈ కాలంలో ఆయన జట్లు 19 జాతీయ టైటిళ్లు గెలిచాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు పిలిస్తే వెళ్లిపోవడం, నాలుగేళ్లకోసారి ఊరు మారడం ఈ వృత్తిలో మామూలు. ఆయన ఒకే లోయను పట్టుకుని పాతికేళ్లు దాటినా కదలకుండా పనిచేశారు.

ఆ లోయ సంగతి చెప్పాలి. అలమోసా సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, మన ఊటీ కంటే కాస్త ఎక్కువ. చుట్టూ కొండలు, నడుమ బల్లపరుపు నేల. జనవరి తెల్లవారుజామున మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ అక్కడ వింత కాదు. అంత ఎత్తున గాలి పలచబడుతుంది. ప్రతి ఊపిరిలోనూ కింద దొరికే ఆక్సిజన్‌లో దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది, కిందికి దిగి పరుగెత్తినప్పుడు అదే బలమవుతుంది. 1968 ఒలింపిక్స్ మెక్సికో సిటీలో, 2,240 మీటర్ల ఎత్తున జరగబోతున్నాయని తేలాక, ఆ ఏడు ఆగస్టులో అమెరికా తన మారథాన్ ఎంపిక పందేన్ని అలమోసాలోనే పెట్టింది. మూడేళ్ల కిందటే కాలేజీ కోచ్ అయిన విహిల్ ఇంటి ముంగిట్లోనే దేశంలోని దూరపు పరుగుల వాళ్లంతా వచ్చి పోటీపడ్డారన్నమాట.

ఎత్తు అందరికీ ఇచ్చే వరం ఒకటే, దాన్ని వాడుకోవడంలోనే కోచ్ నేర్పు. సముద్రతీరంలో మైలు తర్వాత మైలు ఏ వేగంతో పరుగెత్తిస్తారో అదే వేగం అక్కడ పెడితే రెండో మైలుకే రక్తంలో లాక్టేట్ పేరుకుపోతుంది. కాళ్లు బరువెక్కుతాయి, నడుమ ఇచ్చే విరామం చాలదు, మర్నాడు కూడా ఆ అలసట వదలదు. అందుకని వేగం తగ్గించాలి. అయితే ఎంత తగ్గించాలన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఒకే సాధనలో పక్కపక్కన పరుగెత్తే ఐదుగురికి ఐదు హద్దులు ఉంటాయి. అందరినీ మొదటివాడి వేగంతో తోలితే ఐదోవాడు నెల తిరిగేసరికి గాయంతో కూర్చుంటాడు. ఐదోవాడి వేగానికి కట్టేస్తే మొదటివాడికి ఎదుగుదల ఉండదు. విహిల్ వ్యాయామ శరీరధర్మ శాస్త్రం చదివిన మనిషి. గుండె వేగం, రక్తంలో లాక్టేట్, శరీరం పీల్చుకోగల ఆక్సిజన్ గరిష్ఠ మోతాదు అనే మాటలు ఈ రంగంలో ఇంకా అందరి నోళ్లలో నానని రోజుల్లోనే ఆయన వాటిని ఆధారంగా పట్టుకున్నారు. స్టాప్‌వాచ్ ఎంతసేపట్లో పరుగెత్తాడో చెబుతుంది. అందుకు శరీరం ఎంత ఖర్చు పెట్టిందో తెలిసినప్పుడే రేపటి సాధన రాయగలం. 1995లో ‘రోడ్ టు ది టాప్’ అనే పుస్తకంలో తన పద్ధతినంతా ఆయన రాసిపెట్టారు.

కాలేజీ కోచ్‌కు ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్లకు అది తొందరగా తట్టదు. చేతిలోని మనుషులు నిలవరు. ఏటా వేసవికి పట్టా పుచ్చుకుని కొందరు వెళ్లిపోతారు, ఆగస్టులో పద్దెనిమిదేళ్ల పిల్లలు కొత్తగా వస్తారు. శరదృతువులో క్రాస్ కంట్రీ, చలికాలంలో ఇండోర్ ట్రాక్, వసంతంలో అవుట్‌డోర్ ట్రాక్. ఇలా దూరపు పరుగులవాళ్లకు ఏడాదికి మూడు సీజన్లు, నడుమ ఊపిరి తీసుకునే వ్యవధి తక్కువ. నెల రోజుల్లో పందెం ఉందని కుర్రాణ్ణి తొందరపెడితే ఆ పందెం దక్కుతుందేమో గానీ మూడో ఏట అతను మిగలడు. ఈ ఏడు జట్టులో చోటే దొరకని పిల్లవాడు రెండేళ్లకు ఐదోవాడు కావాలి, ఆ పై ఏడు రెండోవాడు కావాలి. అతన్ని అన్నాళ్లూ విసుగెత్తకుండా నిలబెట్టడం కూడా కోచింగే. దీన్ని అత్యున్నత స్థాయిలో సాధించి చూపినవారు జాన్ మెక్‌డానెల్. ఐర్లండ్‌లోని మేయో ప్రాంతం నుంచి వచ్చిన ఈ మనిషి 1972 నుంచి 2008 దాకా ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో ఉండి మూడు సీజన్లలోనూ కలిపి 40 జాతీయ టైటిళ్లు సంపాదించారు. మొదటి డివిజన్‌లో, పేరూ వసతులూ ఉన్న చోట ఆ పని చేశారాయన. విహిల్ దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా పెద్ద కాలేజీల కన్ను పడని పిల్లలు.

పాట్ పోర్టర్ అలాంటివాడే. హైస్కూల్లో అతనికి చెప్పుకోదగ్గ పేరు లేదు. అలమోసా చేరి, చదువు అయిపోయాక కూడా విహిల్ దగ్గరే ఉండి, 1982 నుంచి 1989 వరకు వరుసగా ఎనిమిదిసార్లు అమెరికా జాతీయ క్రాస్ కంట్రీ ఛాంపియన్ అయ్యాడు. రెండు ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తాడు. ఎనిమిదేళ్ల పాటు ఒక మనిషి ఏ ఏడూ తప్పకుండా, గాయం పాలు కాకుండా, శీతాకాలపు ఆ ఒక్క ఉదయానికి సిద్ధంగా ఉండటమన్నది రన్నరు సత్తాతో పాటు సాధన రాసిన చేతి నిదానాన్ని కూడా చూపిస్తుంది. నన్ను ఆ వరుస ఒలింపిక్ పతకంకన్నా ఎక్కువ ఆకట్టుకుంటుంది.

పతకం కూడా తర్వాత వచ్చింది. అప్పటికి అమెరికా దూరపు పరుగులు చాలా దిగజారి ఉన్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ మారథాన్‌కు ఆ దేశం నుంచి మగవాళ్లలో ఒక్కరు, ఆడవాళ్లలో ఒక్కరు మాత్రమే వెళ్లగలిగారు. ఆ ఏడు మగవాళ్ల ఎంపిక పందెంలో రెండో స్థానం వచ్చినవాడు పీటర్ డెలాసెర్డా, 1992 నాటి ఆ ఐదుగురిలో ఒకడు. అర్హత సమయం అందకపోవడంతో రెండో స్థానం వచ్చినా అతనికి సిడ్నీ దక్కలేదు. ఆ మరుసటి ఏడాదే విహిల్, యూసీఎల్ఏ మాజీ కోచ్ బాబ్ లార్సెన్ కలిసి కాలిఫోర్నియాలోని మామత్ లేక్స్ అనే కొండ ఊళ్లో ఒక శిక్షణ బృందం పెట్టారు. ఇద్దరూ కాలేజీల్లో జీవితమంతా గడిపినవాళ్లే. గుంపుగా, ఎత్తులో, ఏళ్ల తరబడి అనే కాలేజీ సూత్రాన్నే వాళ్లు పెద్దవాళ్లకు వర్తింపజేశారు.

ఆ బృందంలో డీనా కాస్టర్ ఉంది. ఆర్కాన్సాలో చదువు ముగించి 1996లో అలమోసాకు విహిల్‌ను వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి. అక్కడ ఆమె పక్కన పరుగెత్తడానికి దొరికింది మగవాళ్లే. 2004 ఆగస్టు 22 సాయంత్రం ఆరింటికి ఏథెన్స్ మారథాన్ మొదలయ్యేసరికి ఎండ 35 డిగ్రీల దగ్గర ఉంది. దారి కూడా కఠినం. పదో కిలోమీటరు నుంచి ముప్ఫై దాటేదాకా దాదాపు ఎక్కుడే, ఆ తర్వాతే స్టేడియం వైపు దిగుడు. విహిల్ వేసిన పథకంలో ధైర్యం కనబడేది ఆమెను ఆపిన చోట. వేడికి అలవాటు పడటానికి సాధనలో ఒంటి నిండా అదనపు బట్టలు వేయించారు. పందేనికి ముందు ఒళ్లు వేడెక్కకుండా మంచు జాకెట్ తొడిగించారు. పందెం మొదలయ్యాక ముందున్న గుంపును వెళ్లనిచ్చి వెనకాలే నెమ్మదిగా సాగమన్నారు. అంత వేడిలో మొదటి సగంలో అనవసరంగా పెంచిన ప్రతి అడుగుకీ ఎక్కుడులో వడ్డీతో సహా కట్టాలి. ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న పాలా రాడ్‌క్లిఫ్ 36వ కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. కాస్టర్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చివరి కిలోమీటర్లలో ఎల్ఫెనెష్ అలెమును కూడా దాటి, 2 గంటల 27 నిమిషాల 20 సెకన్లలో మూడోదిగా వచ్చింది. 1984లో జోన్ బెనాయిట్ తర్వాత ఒలింపిక్ మారథాన్‌లో అమెరికా మహిళకు అదే తొలి పతకం. వారం తర్వాత అదే బృందం నుంచి, లార్సెన్ శిష్యుడు మెబ్ కెఫ్లెజిగి మగవాళ్ల పందెంలో రజతం తెచ్చాడు. రెండేళ్లకు లండన్‌లో కాస్టర్ 2:19:36 పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పింది.

ఆడమ్స్ స్టేట్‌లో విహిల్ దగ్గర పరుగెత్తిన డేమన్ మార్టిన్ ఆయన తర్వాత అక్కడి కోచ్ పని అందుకుని, జాతీయ టైటిళ్ల వరుసను అలాగే కొనసాగించాడు. విహిల్ మాత్రం విశ్రాంతి అన్న మాట ఎత్తలేదు. ఎనభై దాటాక బ్రెండా మార్టినెజ్ అనే అమ్మాయికి సాధన రాయడం మొదలుపెట్టారు. ఆమెది 800 మీటర్ల పరుగు, రెండు నిమిషాల్లోపు ముగిసిపోయే పందెం. మారథాన్లు చూసిన మనిషికి ఇది వేరే లోకం. అయినా ఆయన తన పునాదే వేశారు. కొండ ఊళ్లో ఉండమన్నారు, దూరపు పరుగులు ఎక్కువ చేయించారు, చివరి 200 మీటర్లలో మిగతావాళ్లు తడబడుతున్నప్పుడు ఆమెకు అడుగు తగ్గకుండా చూశారు. 2013 మాస్కో ప్రపంచ పోటీల్లో ఆమె మూడోదిగా గీత దాటింది. రష్యా అమ్మాయి ఫలితాన్ని డోపింగ్ కారణంగా తర్వాత కొట్టేశారు, మార్టినెజ్ పతకం రజతమైంది. ఆ పందెం నాటికి ఆమె కోచ్ వయసు 83.